విప్పి పరచిన విమానాశ్రయం

"ఒక్క నిమిషం నోరు మూసుకొని కూసుంటే నీకేం పోయేదే అమ్మమ్మా?"

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

"అబద్ధం కాదు, నిజమే. గా నిజం ఇంటికొచ్చినంక నా ముఖం మీద చెప్పొద్దా? గంతమంది ముంగట చెప్పాల్నా?"

"అడిగిండు, చెప్పిన."

"నిన్నడగలే! నన్నడిగిండు. నిన్నెవలడిగిన్రు?"

"నీకు రాక నువ్వు మౌస్ పట్టుకొని ఊకె అటు తిప్పుడు, ఇటు తిప్పుడు. చూడలేకపోయిన."

"చూడలేకపోతే బయటికి పోయి నిలబడాలె. నా కొలువు పోగొట్టినవ్."

"నీది అయితే గద పోయేటందుకు!"

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మేముండే ఒంటి గదిలో ఈ గొడవ. సాయంత్రం ఆరు కూడా కాలేదు. ఆమె మా బిడ్డ బిడ్డ, ఇరవై రెండేళ్లది. పంజాగుట్టలోని ఆఫీసు నుంచి ఇద్దరం నడిచి వచ్చాం. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. మా అరుపులు విని పైన ఉండే ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నుంచి తొంగి చూసి, ఏమైంది, కొంచెం మెల్లగా అని తన ఉర్దూలో అంది.

"క్యా హోరా అమ్మా? జర ఆహిస్తా."

"ఏం లేదు ఖాలా. పిల్లకు బుద్ధి చెప్తున్న."

అప్పుడు నేను నిజంగానే అలా అనుకున్నాను, బుద్ధి చెబుతున్నానని. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు వచ్చు, లెక్కలు వచ్చు, అంతకుమించి ఏమీ రాదు. నలభై ఏళ్లు కుట్టు మిషను తొక్కాను. ఆ రోజుల్లో మా సందులో ఏ గోడ చూసినా కోర్సుల కాగితాలే. ఏ ఇంటి పైఅంతస్తు చూసినా లేడీస్ హాస్టలే. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు మూడు నెలల్లో కొలువు దొరుకుతుందని ట్రంకుపెట్టెలు దించేవాళ్లు. ఇంటర్వ్యూ రేపనగా చుడీదార్లు తెచ్చి, బిగువు చెయ్యి ఆంటీ, పొట్టి చెయ్యి ఆంటీ అనేవాళ్లు. నాకు పనికి లోటు లేదు. గుడ్డ వృథా చెయ్యనని పేరు కూడా ఉండేది. ఒక జాకెట్ ముక్క ఇస్తే జాకెట్ కుట్టి, మిగిలిన దాంట్లో చంటిదానికి జుబ్బా తీసేదాన్ని.

మా మనవరాలు కూడా అలాగే సిద్దిపేట నుంచి వచ్చింది. ఒక కోర్సు అయింది, రెండోదీ అయింది. కొలువు రాలేదు. ఊళ్లో వాళ్ల నాన్నకు ఎరువుల దుకాణం ఉంది. ఎండాకాలం దాకా చూస్తా, అప్పటికీ కొలువు లేకపోతే వచ్చి దుకాణంలో కూసోవాలె అని ఆయన తేల్చి చెప్పాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్ల ముఖం తెల్లబోయేది. "గా బస్తాల వాసనల కూసుంటే నేను సస్తనే అమ్మమ్మా" అనేది. సచ్చేటోళ్లు చెప్పి సావరు, అనేదాన్ని నేను.

ఇంతలో పంజాగుట్టలో ఒక మేడ మీది ఆఫీసులో ఆమెను నేర్చుకోవడానికి తీసుకున్నారు. అక్కడ చేసేవి విమానాశ్రయాలు. నిజమైనవి కాదు. బయటి దేశాల్లో కొందరు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడుపుతారట. అది ఆటే గాని ఆటలా ఉంటే వాళ్లు ఊరుకోరట. దిగే చోటు అచ్చం అసలు చోటులాగే ఉండాలి. గోడ మీద పగులుంటే పగులు, తలుపు మీద తుప్పుంటే తుప్పు. వాళ్లు ఫోటోలు పంపుతారు, ఇక్కడ వీళ్లు కట్టి పంపుతారు. ఆఫీసు నడిపే సారు గోదావరి జిల్లా మనిషి. ముగ్గురు పిల్లలను పెట్టుకొని, ఒక మంచు దేశపు చిన్న విమానాశ్రయం వాళ్లకు పంచి ఇచ్చాడు. రెండు నెలల తర్వాత ముగ్గురిలో ఒక్కరినే ఉంచుకుంటాడు. ఎవరి పని బాగుంటే వాళ్లే.

"అంటే ఆడుకునేటోళ్లకు బొమ్మలు చేసే కొలువన్న మాట" అన్నాను.

"నీకు తెల్వది, ఊకో" అంది.

ఇంట్లో చేసుకోవడానికి ఆఫీసు వాళ్లు పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. మిషను పక్కన పెట్టించాను. ఎండలు ముదురుతున్నాయి. ఫ్యానన్నా నడవాలె, కంప్యూటరన్నా నడవాలె, రెండూ నడవవు అని మొదటి రోజే చెప్పాను. పిల్ల చున్నీతో మెడ తుడుచుకుంటూ పని చేసేది. నాకు చెమట అలవాటే.

ఒక మధ్యాహ్నం తెర ముందు ఏడుస్తోంది. ఏమైందంటే చెప్పింది. కంప్యూటర్‌లో కట్టిన ఇల్లు అట్టపెట్టెలా ఉంటుంది. దాని తోలు మొత్తం విప్పి, గోడ గోడా విడదీసి, ఒక చదరంలో పరచాలి. ఆ చదరం మీద ఫోటో ముక్కలు అతికితే, తిరిగి ఇంటికి చుట్టుకుంటాయి. ఒక ఇంటికి ఒకటే చదరం. రెండు మూడు వాడితే ఆడేవాళ్ల కంప్యూటర్ బరువెక్కి విమానం గాలిలోనే కుంటుతుంది. ఈమె పరచిన ముక్కలు ఎండలో వడియాలు పెట్టినట్టున్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. మధ్యలో చోటంతా వృథా. చోటు చాలక ముక్కలను చిన్నవి చేసింది. అందుకే కిటికీలన్నీ కళ్లద్దాలు తీసేసి చూసినట్టు మసకగా ఉన్నాయి.

నా చేతిలో సుద్దముక్క ఉంది. ముందు ఎవరిదో జాకెట్ పరచి ఉంది. తెర వంక చూశాను, గుడ్డ వంక చూశాను.

"ఇది కుట్లు విప్పిన జాకెట్టే గదనే! జరుగు" అన్నాను.

పాత పేపర్ మీద ముక్కలన్నీ కొలతకు కత్తిరించాను. నేల మీద సుద్దతో చదరం గీసి దాంట్లో పేర్చాను. ముందు పెద్దవి. వాటి మెడ సందుల్లో, చంక సందుల్లో చిన్నవి. ఆమె చూసి కంప్యూటర్‌లో ఎక్కించింది. కిటికీలు తేటపడ్డాయి. కొన్నాళ్లకు ఆ పేపరూ వద్దనుకొని నేనే మౌస్ పట్టాను. పాదాలు వాటంతట అవే ఆడేవి.

"మిషన్ తొక్కుతున్నవా ఏందే అమ్మమ్మా!" అని పిల్ల పకపకా నవ్వింది.

చెక్క స్కేలు తీసుకొని వేళ్ల మీద ఒక్కటి వేశాను. ఇరవై రెండేళ్ల పిల్ల. నవ్వు అక్కడే ఆగిపోయింది.

టెర్మినల్ అని పెద్ద భవనం వచ్చింది. దానికి రెండు కొసలు, రెండూ ఒకేలా ఉన్నాయి. జాకెట్ కుడి ఎడమలను ఎవరైనా విడివిడిగా కోస్తారా? గుడ్డ మడిచి ఒకటే కోత. అలాగే చెయ్యమన్నాను. ఒక కొసకే చోటు ఇచ్చి, దాన్నే తిప్పి రెండో కొసకు వేయించాను. సగం చదరం మిగిలింది. నాకు ఒకటే సంతోషం.

మర్నాడు ఆఫీసులో సారు అందరి ముందూ విమానాన్ని ఆ రెండో కొసకు తీసుకుపోయాడట. గోడ మీది అక్షరాలు, గేటు అంకెలు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? ఇక్కడ దిగేవాళ్లు తలా ఒక అద్దం తెచ్చుకోవాలా?" అన్నాడట. అందరూ నవ్వారట. చాయ్ తెచ్చే మనిషిని కూడా పిలిచి చూపించాడట.

ఇంటికి వచ్చి చెప్పింది. "నీ మాట ఇని గిట్లయింది" అంది.

"నేను గుడ్డలు కోసేదాన్ని. గుడ్డ మీద అక్షరాలు ఉండయి. చదువుకున్నదానివి నువ్వు. చూసుకోవద్దా?" అన్నాను.

తప్పు నాది. అప్పుడూ తెలుసు. ఒప్పుకోలేదు.

దాని తర్వాత పద్ధతి మార్చాను. బోసి గోడలు మడత కోత. అక్షరాలున్న చోటు మాత్రం విడిగా కోసి అతుకు వేయడం. ఇంకొకటి కూడా తెలిసింది. ముక్కలను మరీ ఆనించి పెడితే దూరం నుంచి చూసినప్పుడు ఎర్ర పైకప్పు రంగు పక్కనున్న తెల్ల గోడకు అంటుతుంది. కుట్లకు గుడ్డ వదలకుండా కోస్తే ఏమవుతుందో అదే ఇదీ. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకంత జాగా వదిలాను. మురికి సంగతి కూడా నేనే చెప్పాను. పిల్ల ఫోటోలను కడిగినట్టు తెల్లగా చేసి పెట్టేది. మంచు దేశమైనా, మన సందైనా, గోడ కింది కొస మాయక తప్పదు. చీర కుచ్చిళ్ల అంచు ఎలా మాస్తుందో అలాగే మాస్తుంది. పైనుంచి కిందికి ఒక్కతీరుగా మాసినా అబద్ధమే. తలుపు పక్కన ఎక్కువ, మూలన తక్కువ. మా ఇంటి గోడ చూపించి, చూసి దించమన్నాను. సారు ఆ గోడను మెచ్చుకున్నాడని చెబుతున్నప్పుడు పిల్ల ముఖం వెలిగింది.

ఆ వెలుగు చూసి నాకు సంతోషం కలగలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

రానురాను నా కుట్టుపని పొద్దున్నే ముగించి మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ముందు నేనే కూర్చునేదాన్ని. గుడ్డ అయితే ఒకసారి తప్పు కోస్తే పోయినట్టే. ఇక్కడ తప్పు కోసినా వెనక్కి వస్తుంది. ముక్కను పట్టి తిప్పితే తిరుగుతుంది. ఎంతసేపు పేర్చినా చెయ్యి నొప్పి పుట్టదు. ఒక చదరం సందు లేకుండా నిండిందంటే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. పిల్లను చాయ్ పెట్టమని లేపేదాన్ని.

"జర నాకు సుత చెప్పే అమ్మమ్మా. యాడ మొదలు పెడుతున్నవ్, ఏది యాడ పెడుతున్నవ్, నాకు సమజ్ అయితలేదు" అని అడిగింది ఒక రోజు.

"చూసి నేర్చుకో. నాకెవలు చెప్పిన్రు?"

"చూస్తనే ఉన్న. నువ్వు గిర్రున తిప్పుతవ్, అయిపోతది."

"గట్లయితే కండ్లు లేవు నీకు."

మళ్లీ అడగలేదు. ఒక ఆదివారం నేను బట్టలు ఇవ్వడానికి యూసుఫ్‌గూడ వెళ్లి వచ్చేసరికి, ఫైర్ ఇంజన్ పెట్టే చిన్న షెడ్డు ఒకటి తానే పేర్చి కూర్చుంది. పొద్దటి నుంచి అదే పని మీద ఉన్నట్టుంది. పొయ్యి కూడా ముట్టించలేదు. చూడు అంది. చూశాను. బాగానే ఉంది. అంచున రెండు వేళ్ల జాగా వృథా పోయింది, అంతే. ఆమెను లేపి, కూర్చుని, మొత్తం తుడిపేసి, మొదటి నుంచి పేర్చాను. ఆమె వెనక నిలబడి చూసింది. కొంచెం సేపటికి బియ్యం కడగడానికి పోయింది. దాని తర్వాత ఆమె ముక్కలు ముట్టలేదు. ఆఫీసులో మాత్రం అవన్నీ తన పనే అని చెప్పేది.

ఇంక ఆ రోజు సంగతి. పని పూర్తయింది, అందరూ రండి, ఇంట్లోవాళ్లను కూడా తీసుకురండి అన్నాడట సారు. గంజి పెట్టిన చీర కట్టుకొని పంజాగుట్ట వెళ్లాను. మిగతా ఇద్దరి ఇళ్ల నుంచి కూడా మనుషులు వచ్చారు. గోడ నిండా పెద్ద తెర. చీకటి చేసి నడిపించారు. మంచు కొండల మధ్య నుంచి విమానం కిందికి దిగుతోంది. చెట్లు, చెరువు, పొడుగు రోడ్డు, దాని పక్కన మా టెర్మినల్. గోడ కింద నేను పూయించిన మురికి. ఎర్ర కప్పు అంచు తెల్ల గోడను ఎక్కడా అంటలేదు. బతుకులో నేను విమానం ఎక్కలేదు. బేగంపేటలో దిగే విమానాలు మా కప్పు మీదుగా పోతుంటే గిన్నెలు అదరడమే తెలుసు. అది దిగుతుంటే కుర్చీ పట్టుకున్నాను.

సారు లైట్లు వేయించి, టెర్మినల్ చదరం తెర మీద పెట్టించాడు.

"ఇది చూడండి. వేలు పెట్టేంత చోటు కూడా వృథా పోలేదు. అతుకు ఎక్కడుందో నాకే కనిపించట్లేదు. ఇన్నేళ్లుగా చేస్తున్నా, నేనే ఇలా పేర్చలేను. ఈ అమ్మాయికి మీరంతా చప్పట్లు కొట్టాల్సిందే."

అందరూ కొట్టారు. నా మనవరాలు తల దించుకొని నిలబడింది. ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు బాగా అర్థమైంది. ఊకో అమ్మమ్మా అని ఉంది. నేను కూడా చప్పట్లు కొట్టాను, రెండుసార్లు.

"ఇదంతా ఎలా పేర్చావమ్మా? ఇదిగో, ఈ కంట్రోల్ టవర్ ఒక్కటి మళ్లీ మొదటి నుంచి ఇక్కడే పేర్చి చూపించు. మిగతావాళ్లు కూడా నేర్చుకుంటారు" అన్నాడు సారు.

కూర్చుంది. టవర్ ఎనిమిది పలకలది. చిన్న ముక్కలతో మొదలు పెట్టింది. ఒకటి జరిపింది. వెనక్కి తీసింది. మళ్లీ జరిపింది. పెద్ద తెర మీద అందరికీ కనబడుతోంది. చెవుల కింద నుంచి చెమట కారుతోంది. అక్కడ ఏసీ ఉంది.

"కంగారు పడకు. పదిమంది చూస్తుంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. పోనీలే, తర్వాత చేద్దువుగాని" అన్నాడు సారు. మంచివాడే. ఆమె కుర్చీలోంచి లేచింది. అయిపోయింది. ఆ క్షణానికి కొలువు ఆమెదే.

"వణుకుడు కాదు సార్. దానికి రాదు" అన్నాను నేను. "అవన్నీ పరిచింది నేను."

ఎవరో నవ్వారు.

"ఏంటి మామ్మగారూ, జోకా?"

నేను లేచి వెళ్లాను. పిల్ల కుర్చీ పట్టుకొని నిలబడి ఉంది. జరుగు అన్నాను. జరిగింది. ఎనిమిది పలకలంటే ఎనిమిది కలీల లంగా, ఎనిమిది నిలువు ముక్కలు కలిపి కుట్టేది. ఒక్క కలీ కోస్తే మిగతావి దాని మీదే వస్తాయి. కిటికీల వరస మాత్రం విడిగా తీశాను, ఒక్కో వైపు ఒక్కోలా ఉంది కాబట్టి. సారు చేతిలోని చాయ్ చల్లారక ముందే పేర్చి లేచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారు తెర దగ్గరికి వచ్చి అతుకులు ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత పిల్ల వంక చూశాడు.

"రెండు నెలలుగా నువ్వు చెప్పింది అబద్ధమేనా అమ్మా?" అన్నాడు.

పిల్ల తల ఊపింది.

వచ్చేటప్పుడు నాకన్నా పది అడుగులు ముందు నడిచింది. ట్రాఫిక్‌లో రోడ్డు దాటేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు. ఇంట్లోకి రాగానే మొదలు పెట్టింది, నేను మొదట రాసిన గొడవ. పైన ఖాలా తలుపు వేసుకున్న తర్వాత పిల్ల గొంతు తగ్గించింది.

"నీకేం కావాలె అమ్మమ్మా? చప్పట్లా?"

"నా పనికి నీకు కొడితే నేనెందుకు ఊకోవాలె?"

"నేను నీ మనవరాలిని."

"అయితే?"

"అయితే ఏం లేదా?"

"నలభై ఏండ్లు కుట్టిన. పెండ్లిళ్ల నేను కుట్టిన జాకెట్లు ఏసుకొని తిరిగేటోళ్లను మస్తుగున్నవ్ అంటరు. కుట్టింది ఎవలు అని ఒక్కలన్న అడిగిన్రా? గియ్యాల ఒకాయన అడిగిండు."

"నిన్నడగలే" అంది మళ్లీ, నెమ్మదిగా. "నాకు నేర్పితే అయిపోవు గద. గంత మంచిగ వచ్చు నీకు. నాకు జర చెప్తే, గియ్యాల నేనే చేద్దును. నువ్వు చెప్పలే. నాకు వస్తే నీతోని పని ఉండదని చెప్పలే."

ఆమె చెప్పింది నిజం. అన్నం వండాను. పిల్ల తినలేదు. మిగిలిన అన్నం పారేయకుండా పొద్దున కోసం నీళ్లు పోసి పెట్టాను.

తెల్లారి ఎనిమిది దాటాక ఆమె ఫోన్ మోగింది. అప్పటికే స్నానం చేసి, ఆఫీసుకు వేసుకుపోయే చుడీదారే వేసుకొని కూర్చుని ఉంది. మొదటి మోతకే ఎత్తింది.

"సర్, నమస్తే సర్. ఆ సర్. సారీ సర్, నేనే చెబుదామనుకున్నా. ఆ. ఆ. సరే సర్." చాలాసేపు వింది. తర్వాత ఫోన్ నా ముందుకు చాచింది. "నీకే."

కొలువు మిగతా ఇద్దరిలో ఒకరికి ఇచ్చామని సారు చెప్పాడు. పేర్చే పని చాలా ఉంది, రోజూ వచ్చి కూర్చుంటారా మామ్మగారూ అని అడిగాడు. ఈరోజు నుంచే వస్తానన్నాను.

"పోతవా?" అంది పిల్ల.

"పోత."

బట్టలు సర్దుకుంది. పెద్ద బ్యాగు ఒకటే. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, వస్తున్న అని మాత్రం చెప్పింది. ఇద్దరం కలిసే సందు దాటి మెయిన్ రోడ్డు మీదికి వచ్చాం. సిద్దిపేట బస్సు కోసం ఆమె సికింద్రాబాద్ పోవాలి. రోడ్డుకు అటు పక్కకు వెళ్లి నిలబడింది. ఇటు పక్క నాకు షేర్ ఆటో ముందు దొరికింది.

పది గంటలకు పంజాగుట్ట ఆఫీసులో కూర్చున్నాను. రెండు షెడ్లు ఇచ్చారు. మధ్యాహ్నం లోపలే పేర్చి ఇచ్చాను.